ఊపిరి గీత

భయాల్రావుకి ఆ స్టూడియో గుమ్మంలోనే కాళ్ళు వెనక్కి లాగాయి.

అది అతని అసలు పేరు కాదు. పోలీసు ట్రైనింగులో పక్క మంచం మీద పడుకునేవాడు పెట్టిన పేరు. ఆ పక్కమంచంవాడు ఇప్పుడు మీసాలు పెంచి ఇన్‌స్పెక్టరయ్యాడు. ఇతను ఉద్యోగం వదిలేసి ప్రైవేట్ డిటెక్టివ్ అయ్యాడు. పేరు మాత్రం అంటుకుపోయింది. నిజం చెప్పాలంటే అన్యాయంగా పెట్టిన పేరేమీ కాదు. లిఫ్టంటే భయం, కుక్కంటే భయం, మూసిన తలుపంటే మరీ భయం. ఏ గదిలోకి వెళ్ళినా ముందు బయటపడే దారి చూసుకుంటాడు. ఇలాంటి మనిషి డిటెక్టివ్ ఎలా అయ్యాడని ఎవరైనా నవ్వితే అతని భార్య ఊరుకోదు. "ధైర్యం ఉన్నవాళ్ళు చూసుకోకుండా నడుస్తారు. మా ఆయన నేలని కూడా నమ్మడు," అంటుంది.

ఈ గదికి ఒక్కటే తలుపు. కిటికీలు లేవు. గోడ పొడుగునా అద్దాల పెట్టెల్లాంటి త్రీడీ ప్రింటర్లు వరసగా నడుస్తున్నాయి. ఫ్యాన్ల హోరు, మోటార్ల కీచు కలిసి చెవుల్లో గింగురుమంటున్నాయి. మాట వినబడాలంటే గొంతు పెంచాల్సిందే.

భయాల్రావు పక్కనే ఉన్న ప్లాస్టిక్ తీగల చుట్టల పెట్టెని కాలితో తోసి తలుపుకి అడ్డం పెట్టాడు, మూసుకోకుండా.

"దయచేసి తలుపు వేయండి," అన్నాడు డిజైనర్. సన్నటి మనిషి, తెల్ల గ్లవుజులు, దూదిలాంటి గొంతు. "బయటి గాలి తగిలితే ప్రింట్లలో పొరలు విడిపోతాయి."

"కాసేపే కదండీ. నాకు ఊపిరాడదు."

"ఆడదు, ఆడదు! మావాడికి బాత్రూం గడియ వేసుకున్నా ఊపిరాడదు," అని అప్పటికే లోపలున్న పక్కమంచం ఇన్‌స్పెక్టరు పొట్ట కదిలేలా నవ్వాడు. "రావయ్యా భయాల్రావూ, లోపలికి. బొమ్మలేం కరవవు."

భయాల్రావు రెండడుగులు వేశాడు. కాలి కింద నేల ఢబ్బుమంది. ఒక్క గెంతు గెంతి పక్కకి పడ్డాడు. నేల మధ్యలో పెద్ద ఇనుప పలక, మీద బియ్యపు గింజల్లాంటి ఏటవాలు బుడిపెలు, లారీ మెట్ల మీద వేసే రకం. ఇన్‌స్పెక్టరు మళ్ళీ నవ్వాడు. "పాత కాలవ మూత," అన్నాడు డిజైనర్. ఆ తర్వాత భయాల్రావు ఆ పలక మీద అడుగు పెట్టలేదు. చుట్టూ తిరిగి వెళ్ళాడు, పాత ఇంజను ఆయిలు మరకలు రంగు కింద నుంచి కనిపిస్తున్న సిమెంటు నేల మీదుగా.

అతని వెనకే వచ్చిన ఆడమనిషి మాత్రం నవ్వలేదు. కనిపించకుండా పోయిన శిల్పికి ఆమె సొంత అక్క. వారం రోజులుగా నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి. పోలీసులు కేసు మూసేస్తున్నారని తెలిసి భయాల్రావు ఇంటి గుమ్మంలో కూలబడింది. "బతికుందో లేదో ఒక్కమాట చెప్పండి అన్నయ్యగారూ. అంతకన్నా ఏమీ అడగను," అంది. ఆ ఒక్కమాట కోసమే అతను ఇక్కడ నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

ఆమె చెల్లెలు రాయీ ఉలీ పట్టుకునే శిల్పి కాదు. మనిషి చుట్టూ స్కానర్ తిప్పి ఒంటి ఆకారాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. తర్వాత ప్రింటర్ ప్లాస్టిక్ తీగని కరిగించి, పొర మీద పొర పోసి, ముక్కముక్కలుగా నిలువెత్తు మనిషిని పుట్టిస్తుంది. ఆ ప్రింటు పని చూసేది ఈ డిజైనరే. రేపు సాయంత్రం ఆమె ఎగ్జిబిషన్. అందులో ముఖ్యమైనది ఆమె సొంత రూపమే, పడుకుని నిద్రపోతున్న స్త్రీ.

ఆ స్త్రీ పొడుగాటి బల్ల మీద తెల్లగా పడుకుని ఉంది. పాదాలు, మోకాళ్ళు, నడుము, ఛాతీ, చేతులు, అన్నీ ఉన్నాయి. మెడ పైన ఏమీ లేదు.

"తల చివరి మిషన్లో తయారవుతోంది," అన్నాడు డిజైనర్.

"ఇదేనయ్యా సాక్ష్యం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ పిల్లకి ఇక్కడి గొడవలు విసుగొచ్చి ఎక్కడో కొండల్లో కూర్చుంది. ఒంటిని స్కాన్ చేయించుకుని రోజుకో ముక్క ఫైలు పంపుతోంది. మొన్న నడుము, నిన్న చేతులు. చచ్చినవాళ్ళు ఫైళ్ళు పంపుతారా? కేసు లేదు, కాకరకాయా లేదు."

"ఒక్క ఫోనైనా చెయ్యదా?" అంది అక్క. "నాతో మాట్లాడకుండా ఒక్క పూట ఉండదది."

"కళాకారులమ్మా. మూడ్ వస్తే చేస్తుంది."

భయాల్రావు బల్ల దగ్గరికి వెళ్ళాడు. ప్లాస్టిక్కే అని తనకి తాను రెండుసార్లు చెప్పుకుని, మోకాలు తొడతో కలిసే చోట గోరు పెట్టి చూశాడు. అతుకు కనిపించలేదు.

"రోజుకో ముక్క స్కాన్ చేశారన్నారు కదా?"

"అవును," అన్నాడు డిజైనర్.

"మరి ఇది ఎవరు?" అని మూలనున్న ఇంకో బొమ్మ వైపు చూపించాడు. కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ఆడమనిషి.

"నేనే," అంది అక్క. "పోయిన ఏడాది చేసింది."

"ఒక్కరోజే కూర్చున్నావామ్మా?"

"ఎక్కడా! ఇంటి పని చూసుకుని వచ్చి రోజూ కాసేపు కూర్చునేదాన్ని. ఏ రోజూ నిన్నటిలా కూర్చోవని తిట్టేది. ముక్కలు ఒకదానికొకటి కలవలేదు. చివరికి సందులన్నీ పుట్టీతో పూడ్చింది. చూడండి, మోచేతి దగ్గర గట్టు కట్టి ఉంది."

భయాల్రావు మళ్ళీ పడుకున్న బొమ్మ దగ్గరికి వచ్చాడు. ఇక్కడ గట్టు లేదు, పుట్టీ లేదు. భుజం ఛాతీలో, మోకాలు తొడలో అతికినట్టు దిగిపోయాయి.

"రోజుకో ముక్క కాదండీ ఇది," అన్నాడు. "ఒకేసారి, కదలకుండా పడుకున్న మనిషిని స్కాన్ చేసి, తర్వాత ముక్కలు కోసి, రోజుకొకటి వచ్చినట్టు చూపించారు."

"ఆవిడ ఒకేసారి చేయించుకుని రోజుకొకటి పంపిందేమో," అన్నాడు డిజైనర్ చిరునవ్వుతో. "నేనెలా చెప్పగలను?"

"అద్గదీ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "దానికీ జవాబుంది. ఇంకేమైనా ఉందా, ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుంటావా?"

భయాల్రావు మూలకి నడిచాడు. అక్క బొమ్మనే చూస్తున్నాడు. ఆ బొమ్మ ఛాతీ మీద, పొట్ట మీద సన్నటి గీతలు అలలు అలలుగా ఉన్నాయి. తడి ఇసుక మీద నీళ్ళు వెనక్కి తీసినప్పుడు మిగిలే గీతల్లాంటివి.

"ఇవేమిటమ్మా?"

"ఊపిరి గీతలు." అక్క బొమ్మ పొట్ట మీద చెయ్యి వేసింది. "స్కానర్ చుట్టూ తిరిగేటప్పుడు మనం ఊపిరి తీసుకుంటుంటాం కదా. ఛాతీ కదిలిన కొద్దీ గీత పడుతుంది. అందరూ వాటిని చెరిపేస్తారట. మా చెల్లి చెరపదు. నేను ఊపిరి బిగబట్టబోతే, 'ఊపిరి పీల్చవే అక్కా, బొమ్మ మీద నీ సంతకం అదే' అంది."

ఆ మాట పూర్తయ్యేసరికి అక్కకే అర్థమైంది. మెల్లగా తల తిప్పి బల్ల వైపు చూసింది. పడుకున్న స్త్రీ ఛాతీ గుడ్డుపెంకులా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

పడుకున్న మనిషి చుట్టూ స్కానర్ తిరిగింది, తిరిగినంతసేపూ ఆ ఛాతీ కదల్లేదు. అక్క బల్ల అంచు పట్టుకుని అలాగే నేల మీదికి జారిపోయింది.

"అది నేను నున్నగా చేశాను!" అన్నాడు డిజైనర్ గబుక్కున. "కంప్యూటర్లో. ఫైలు వచ్చాక నేనే చెరిపాను."

"మా చెల్లి ఒప్పుకోదు," అంది అక్క నేల మీద నుంచే. "ఆ గీతల దగ్గరే కదా మీ ఇద్దరికీ చెడింది. అందుకే కదా విడిగా పని చేసుకుంటానంది."

"అవి తప్పులు!" దూదిలాంటి గొంతు ఒక్కసారి చిరిగింది. "యంత్రం చేసిన తప్పుని పట్టుకుని ప్రాణం అంటుంది, కళ అంటుంది. జనం చప్పట్లు కొడతారు. వంపు సరిచేసేది నేను, పొర మందం లెక్కగట్టేది నేను, వెలుతురు ఎటు పడాలో చెప్పేది నేను. బొమ్మ కింద నా పేరుండదు. ఒక్క బొమ్మయినా శుభ్రంగా ఉండాలనుకున్నాను. అది నేరమా?"

"ఉష్!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని నవ్వు ఎప్పుడో మాయమైంది. "ఆవేశం వద్దు. భయాల్రావ్, ఆవిణ్ణి తీసుకుని బయల్దేరు. పిచ్చి ఊహలు చెప్పి ఆడమనిషిని చంపేసేలా ఉన్నావు."

నిజానికి భయాల్రావుకి అంతకన్నా కావలసింది లేదు. తెరిచి ఉన్న తలుపు వైపు ఒకసారి ఆశగా చూశాడు కూడా. కానీ అక్క అడిగిన ఒక్కమాటకి ఇంకా జవాబు దొరకలేదు. డిజైనర్ నిజంగానే చెరిపి ఉంటే ఆ పిల్ల బతికున్నట్టు. అబద్ధమైతే లేనట్టు. ఆ రెండింటి మధ్య ఆ అక్కని ఎలా వదిలేస్తాడు? కాళ్ళు తలుపు వైపు లాగుతున్నా చివరి మిషన్ దగ్గరికి నడిచాడు.

అద్దం వెనక తల మెడ నుంచి పైకి పెరుగుతోంది. గడ్డం, పెదవులు, మూసిన కళ్ళు అయిపోయాయి. సూదిలాంటి మొన నుదుటి అంచు వెంబడి గిరగిరా తిరుగుతూ ఒక్కో పొర పోస్తోంది.

"ఈ ఫైలు ఎప్పుడొచ్చింది?"

"ఇవాళ పొద్దున."

"మరి మిషన్ మొన్నటి నుంచి నడుస్తోందని ఈ తెర మీద ఉందేం?"

డిజైనర్ గ్లవుజు వేలు సర్దుకున్నాడు. "మొన్ననే అయ్యుంటుంది. ఎగ్జిబిషన్ హడావిడిలో తికమక పడ్డాను."

భయాల్రావు అద్దం తలుపు తీశాడు. డిజైనర్ వద్దు వద్దంటున్నా వినకుండా బొమ్మ తల వెనక వైపుకి వంగి చూశాడు. జుట్టు కుదుళ్ళ దగ్గర అరచేతి మేర ఒక పెచ్చు బొమ్మకి అంటుకుని ఉంది.

"అవి ఆసరాలు," అన్నాడు డిజైనర్. "బొమ్మ వంగిపోకుండా కింద పోసే పుల్లలు. అయ్యాక తుంచేస్తాం."

చెవి కింద నిజంగానే సన్నటి పుల్లలున్నాయి. భయాల్రావు ఒకదాన్ని నొక్కాడు. పుటుక్కున విరిగింది. పెచ్చుని నొక్కాడు. కదల్లేదు. తలతో కలిసి ఒకే ముద్దగా ఉంది. అంటే అది యంత్రం వేసిన ఆసరా కాదు, స్కానర్ చూసిన వస్తువు. తల ఆనుకున్న నేల కొంత జుట్టుతో పాటు స్కాన్‌లోకి వచ్చేసింది. ముఖం వైపంతా నున్నగా చేసినవాడు, బల్లకి ఆనే వెనక భాగాన్ని ఎవరు చూస్తారులే అని వదిలేశాడు.

పెచ్చు మీద వేలితో తడిమాడు. బుడిపెలు. ఒకటి ఇటు వాలి, ఒకటి అటు వాలి, బియ్యపు గింజల్లా.

అతనికి తల తిప్పాలంటే భయం వేసింది. అయినా తిప్పాడు. గది మధ్యలో ఇనుప పలక, అవే బుడిపెలు, అదే వాలు.

"కొండల్లో కాదు," అన్నాడు. "ఇక్కడే పడుకోబెట్టారు. దాని మీద."

భయాల్రావు బుర్రలో గది మొత్తం మళ్ళీ తిరిగింది. రంగు కింద ఆయిలు మరకలు. అడుగు వేస్తే ఢబ్బుమన్న చప్పుడు. ఒకప్పుడు ఇది కార్లు బాగుచేసే షెడ్డు. మెకానిక్కు కిందికి దిగి నిలబడి పనిచేసే గొయ్యి ఒకటి ఉండి తీరాలి.

"మిషన్లు ఆపండి," అన్నాడు.

"కుదరదు! మధ్యలో ఆపితే తల పాడైపోతుంది!"

"అన్నీ ఆపండి. నాకు ఈ గదిలో ఏమీ వినబడటం లేదు."

"భయాల్రావ్, హద్దు మీరుతున్నావు," అని ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు.

వాళ్ళు వాదించుకుంటుండగానే అక్క లేచింది. ఎవరినీ అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి చెవులు నొప్పి పుట్టాయి. తెరిచిన తలుపులోంచి పడే పగటి వెలుగు ఒక్కటే మిగిలింది.

ఏమీ వినబడలేదు.

"అయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్క పలక మీద మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్నప్పుడు బాత్రూంలో గంటలు గంటలు ఉండిపోయే చెల్లెల్ని బయటికి రప్పించడానికి కొట్టినట్టే కొట్టింది, రెండు దెబ్బలు, ఆగి మళ్ళీ ఒకటి. చెవి ఆనించింది. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. "చిట్టీ," అంది ఇనుముకి పెదవులు ఆనించి. "చిట్టీ, నేనే."

కింద నుంచి ఒక్క దెబ్బ వినబడింది. గోరుతో మీటినంత.

అక్క కేక పెట్టింది. డిజైనర్ గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. "నేను చంపలేదు," అన్నాడు ఎవరితోనో. "నాకంత ధైర్యం లేదు. మత్తిచ్చి పడుకోబెట్టి స్కాన్ చేశానంతే. మొన్నటిదాకా నీళ్ళిచ్చాను..."

ఇన్‌స్పెక్టరు అతని చెంప పగలగొట్టాడు. "నోర్ముయ్యి!" అని అరిచి, చకచకా చివరి మిషన్ వెనక్కి వెళ్ళి ఇనుప రాడ్ తెచ్చాడు. పలక అంచున ఉన్న రంధ్రంలో దాన్ని దూర్చాడు. "పట్టవయ్యా!" ఇద్దరూ కలిసి ఊపిరి బిగబట్టి ఎత్తితే గానీ పలక పక్కకి జరగలేదు. కింద నుంచి ముక్కిన వాసన గుప్పుమంది. గోడకి ఇనుప మెట్లు, ఆ కింద చీకటి.

"నా పొట్ట పట్టదు. వీణ్ణి నేను చూసుకుంటాను. నువ్వు దిగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నువ్వూ దిగమ్మా, సాయానికి."

"వద్దమ్మా," అన్నాడు భయాల్రావు. "నువ్వు తలుపు దగ్గర నిలబడు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. ఆ తలుపు మాత్రం మూతపడనివ్వకు." ఎవరో తలుపు మూసేస్తారన్న భయం అతన్ని గోతి అంచున కూడా వదల్లేదు. చీకట్లోకి ఉత్త చేతులతో దిగడానికీ మనసొప్పలేదు. రాడ్ రంధ్రంలోంచి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

ఒక్కో మెట్టుకీ ఆగి పైకి చూసుకుంటూ దిగాడు. అడుగున ఫోన్ లైటు వేశాడు. గొయ్యి మూలన గోనెపట్టా మీద ఆమె పడుకుని ఉంది, పైన బల్ల మీద పడుకున్నట్టే. పెదవులు పగిలి ఉన్నాయి. వేళ్ళు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చాలాసేపు ఏమీ తగల్లేదు. తర్వాత తగిలింది, సన్నగా, వెచ్చగా.

"ఊపిరుందమ్మా!" అని పైకి అరిచాడు. అతనికి ఏడుపొచ్చింది. "బతికుంది! మీ చెల్లి బతికుంది!"

ఆమె కళ్ళు కొద్దిగా తెరుచుకున్నాయి. "అక్క..."

"పైనే ఉందమ్మా. పోలీసులు కూడా ఉన్నారు. భయం లేదు."

"మీసాలాయనా?"

"అవును, ఇన్‌స్పెక్టరు."

ఆమె వేళ్ళు అతని మణికట్టుని పట్టుకున్నాయి. అంత నీరసంలో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో. "బొమ్మ డబ్బులో ఆయనకీ వాటా... ఆయనా వాడూ... ఇద్దరూ కలిసే దించారు నన్ను."

పలక ఎత్తడానికి ఇద్దరు కావాలి. రాడ్ ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు వెతకనూ లేదు, తిన్నగా చివరి మిషన్ వెనక్కి వెళ్ళి తెచ్చాడు. లిఫ్టునీ కుక్కనీ నేలనీ నమ్మని మనిషి, పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి మాత్రం ఇన్నేళ్ళూ నమ్మాడు.

పైన ఇనుము రాపిడి. వెలుగు సన్నబడసాగింది.

ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. పలక మూతపడటానికి ఇంకా మూరెడు ఉందనగా మెట్ల మీద నుంచే రాడ్ నిలువుగా ఆ సందులోకి తోసేశాడు. పలక దానికి కొట్టుకుని ఖంగుమని ఆగింది. పైన అక్క కేక, పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు, తర్వాత అదే కేక వీధిలోంచి, దూరంగా. తలుపు తెరిచే ఉంది.

సందులోంచి మీసాల ముఖం కిందికి వంగింది. చెమటతో తడిసిపోయి ఉంది.

"రాడ్ తీసెయ్యి, భయాల్రావ్. మనం మాట్లాడుకుందాం. నీకేం కానివ్వను."

భయాల్రావు రెండు చేతులతో రాడ్ని గుండెకి హత్తుకున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"తియ్యలేనురా," అన్నాడు. "నాకు భయం."